శక్తి నిల్వలు, బదిలీలు, వనరులు: మా రాయలసీమ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో సాయంత్రం పూట తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఫిజికల్ సైన్స్ ట్యూషన్ చెప్తాను. ఏటా పిల్లలు మారతారు, సందేహాలు మారవు. పోయినేడు ‘శక్తి నశించదు’ అన్న ఒక్క మాట మీదే మూడు బ్యాచ్‌లకు మూడుసార్లు అదే జవాబు చెప్పాను. ఇక రాసి పెట్టడమే మేలనిపించింది. కర్నూలు, కడప నుంచి ఫోన్లో అడిగే పిల్లల ప్రశ్నలు కూడా ఇందులో ఉన్నాయి. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉంచాను. ఏది కావాలంటే అక్కడికే వెళ్లండి, వరుసగా చదవాల్సిన పని లేదు.

## పాఠం మొదలైన వారంలో

శక్తి అంటే అసలు ఏంటి సార్? కంటికి కనపడదు కదా

కనపడదు. అది వస్తువు కాదు, లెక్క. ఒక బుడ్డల (వేరుశనగ) రైతును తీసుకోండి. ఆయన ఆస్తి కొంత బస్తాల్లో కాయల రూపంలో ఉంటుంది, కొంత బ్యాంకులో ఉంటుంది, ఇంకొంత పక్కింటాయన చేబదులు తీసుకుని ఉంటాడు. మూడూ వేరు వేరు చోట్ల, వేరు వేరు రూపాల్లో ఉన్నా అన్నిటినీ రూపాయల్లోకి మార్చి కూడితే ఆయన ఆస్తి ఎంతో తెలుస్తుంది. శక్తి కూడా అంతే. ఎక్కడున్నా, ఏ రూపంలో ఉన్నా జౌల్‌లలో కొలుస్తాం. ఒక జౌల్ అంటే ఎంత? వంద గ్రాముల జామకాయను నేల మీంచి మీటరు ఎత్తుకు లేపితే సుమారు ఒక జౌల్ ఖర్చు. చాలా చిన్నది, అందుకే మన లెక్కల్లో లక్షలూ కోట్లూ కనపడతాయి.

నిల్వకీ బదిలీకీ తేడా ఏంటి? కరెంటు నిల్వా, బదిలీయా?

బదిలీ. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నే చూడండి. బ్యాటరీలో ఉన్నది కరెంటు కాదు, రసాయన శక్తి. కరెంటు పోగానే ఆ రసాయన శక్తి తీగల గుండా ఫ్యాన్‌కి చేరుతుంది. ఆ తీగల్లో నడిచే దారినే కరెంటు అంటున్నాం. వెలుతురు, శబ్దం కూడా దారులే. వాటిని డబ్బాలో పెట్టి మూత వేయలేం.

మన పుస్తకాల్లో చాలాచోట్ల ‘విద్యుత్ శక్తి, కాంతి శక్తి, ధ్వని శక్తి’ అని రూపాల కింద రాసి ఉంటుంది. అది తప్పేమీ కాదు, చెప్పే పద్ధతి వేరు, అంతే. పరీక్షలో మీ పుస్తకం ఎలా చెప్తే అలా రాయండి. అర్థం చేసుకునేటప్పుడు మాత్రం ‘ముందు ఎక్కడుంది, ఏ దారిన పోయింది, ఇప్పుడు ఎక్కడుంది’ అని మూడు ముక్కలుగా అడగండి. నా అనుభవంలో సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

నిల్వలు ఎన్ని రకాలు? అన్నీ బట్టీ పట్టాలా?

సాధారణంగా ఎనిమిది చెప్తారు, బట్టీ అక్కర్లేదు. పరిగెత్తే బస్సులో గతిశక్తి, మిద్దె మీది నీళ్ల ట్యాంకులో గురుత్వ స్థితిశక్తి, లాగి పట్టుకున్న ఉండేలు రబ్బరులో స్థితిస్థాపక శక్తి, గుప్పెడు బుడ్డల్లో రసాయన శక్తి, ఎండకు కాగిన బండలో ఉష్ణశక్తి, యురేనియంలో కేంద్రక శక్తి. ఇక రెండు అయస్కాంతాలను దగ్గరకు తెచ్చి పట్టుకుంటే అయస్కాంత నిల్వ. తలకు రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుంది చూడండి, అది స్థిర విద్యుత్ నిల్వ.

బస్తా భుజాన పెట్టుకుని గంట నిలబడితే పని సున్నా అంటారు. మరి భుజం ఎందుకు నొప్పి పుడుతుంది?

ఫిజిక్స్‌లో పని అంటే బలం పెట్టిన దిశలో వస్తువు కదలాలి. బస్తా కదల్లేదు కాబట్టి బస్తా మీద జరిగిన పని సున్నా. అదే బస్తాను గోడకు కొట్టిన మేకుకు తగిలిస్తే మేకు గంట కాదు, ఏడాదైనా మోస్తుంది. దానికి అన్నం పెట్టనక్కర్లేదు. కండరం మేకు కాదు. బరువు నిలపడానికి లోపల కండరపు పోగులు నిమిషం ఆగకుండా బిగుసుకుంటూ వదులవుతూ ఉంటాయి. దానికి తిన్న తిండిలోని రసాయన శక్తి ఖర్చవుతుంది, వేడిగా మారుతుంది. చెమట పట్టేది అందుకే. శక్తి ఖర్చయింది, కానీ బస్తాలోకి చేరలేదు. హమాలీ పని చేసే ఒకాయన కొడుక్కి ఇది చెప్తే, ‘మా నాయనకు ఈ మాట చెప్పద్దు సార్’ అన్నాడు. వాడి బాధా న్యాయమే.

## లెక్కల దగ్గర

మా బోరు 600 అడుగులు. వెయ్యి లీటర్లు పైకి తేవడానికి ఎంత కరెంటు కావాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను నేను వెంటనే మెచ్చుకుంటాను. పుస్తకంలో ఇటుక ఎత్తే లెక్క కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

ముందు ఒక మాట. బోరు ఎంత లోతు వేశారు, మోటారు ఎంత లోతుకు దించారు అన్నది కాదు లెక్క. మోటారు నడుస్తున్నప్పుడు నీళ్లు ఎంత లోతులో నిలుస్తున్నాయి అన్నది లెక్క. మోటారు 600 అడుగుల్లో ఉన్నా నీళ్లు 400 అడుగుల్లోనే ఉంటే ఎత్తాల్సింది 400 అడుగులే. పైపులో రాపిడి నష్టం వేరే సంగతి.

నీళ్లు నిజంగానే 600 అడుగుల్లో ఉన్నాయనుకుందాం. అంటే దాదాపు 180 మీటర్లు. వెయ్యి లీటర్ల బరువు వెయ్యి కిలోలు. ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు: 1000 × 10 × 180 = 18,00,000 జౌల్‌లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36,00,000 జౌల్‌లు. కాబట్టి సరిగ్గా అర యూనిట్.

చేన్లో అంత తక్కువకు రాదు. మోటారు వేడెక్కుతుంది, పంపులో నీళ్లు సుడులు తిరుగుతాయి, పైపులో రాపిడి. మొత్తం మీద సగమే పనికొచ్చిందనుకున్నా యూనిట్ కావాలి. 5 హెచ్‌పీ మోటారు సామర్థ్యం 5 × 746 = 3,730 వాట్లు. నష్టం లేకపోతే 8 నిమిషాల్లో వెయ్యి లీటర్లు రావాలి. సగం నష్టమైతే 16 నిమిషాలు. ఈసారి చేన్లో స్టార్టర్ నొక్కాక, పైపు నోట్లోంచి గాలి దగ్గినట్టు రెండుసార్లు దగ్గి, ఎర్రమట్టి నీళ్లు వచ్చి, తెల్లబడ్డాక, వెయ్యి లీటర్ల తొట్టి నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. మీ మోటారు దక్షత ఎంతో మీరే లెక్క కట్టగలరు.

యూనిట్, వాట్, మెగావాట్… అన్నీ ఒకటేనా?

కాదు, ఈ గందరగోళం పేపర్లలో కూడా ఉంటుంది. బోరు వేయగానే ‘రెండించుల నీళ్లు పడ్డాయి’ అంటారు కదా. అది నీళ్లు ఎంత జోరుగా వస్తున్నాయో చెప్పే మాట. వాట్ కూడా అలాంటిదే, సెకనుకు ఎన్ని జౌల్‌లు అని. తొట్టిలో చివరికి ఎన్ని నీళ్లు చేరాయి అన్నది వేరే లెక్క. అది యూనిట్. 75 వాట్ల ఫ్యాన్ పది గంటలు తిరిగితే 750 వాట్-గంటలు, అంటే ముప్పావు యూనిట్. ‘వెయ్యి మెగావాట్ల ప్లాంటు’ అంటే పూర్తి జోరు మీద ఉన్నప్పుడు సెకనుకు వంద కోట్ల జౌల్‌లు ఇవ్వగలదని. రోజుకు ఎన్ని యూనిట్లు ఇస్తుందో ఆ అంకె ఒక్కటే చెప్పదు, ఎన్ని గంటలు నడిచిందో కూడా తెలియాలి.

వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లు ఎందుకు? రెండు రెట్లు కావాలి కదా

బైకు, మనిషి కలిపి 200 కిలోలు అనుకోండి. గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు 10 మీటర్లు. గతిశక్తి సగం × 200 × 10 × 10 = 10,000 జౌల్‌లు. వేగం 72కి పెంచితే సగం × 200 × 20 × 20 = 40,000.

సూత్రం సరే, కారణం కావాలంటే బ్రేకు దగ్గర చూడండి. బ్రేకు ఒకే బలంతో పట్టిందనుకుందాం. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే సమయం రెట్టింపు. ఆ సమయమంతా బండి సగటు వేగం కూడా రెట్టింపు. రెట్టింపు వేగంతో రెట్టింపు సేపు పోతే దూరం నాలుగింతలు. కర్నూలు-అనంతపురం హైవే మీద 72లో గుద్దుకోవడమంటే 20 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఆరంతస్తుల మేడ మీంచి కింద పడినట్టు. 36లో అయితే 5 మీటర్లు. బండి తాళం తొందరగా చేతికొచ్చిన పిల్లలకు ఈ లెక్క మాత్రం రెండుసార్లు చేయిస్తాను.

g (గురుత్వ త్వరణం) విలువ 10 తీసుకోవాలా, 9.8 తీసుకోవాలా?

ప్రశ్నలో ఇస్తే అదే. ఇవ్వకపోతే 9.8 వాడండి, లేదా 10 తీసుకున్నానని ఒక ముక్క రాయండి.

## ఇంట్లో కనపడేవి

శక్తి నశించదంటారు. మరి కరెంటు పొదుపు చేయమని ఎందుకు చెప్తారు?

ఒక కిలో ఉప్పు తీసుకెళ్లి పెన్నా ఏట్లో కలపండి (ఏట్లో నీళ్లున్న రోజు చూసుకుని). ఉప్పు ఎక్కడికైనా పోయిందా? పోలేదు, మొత్తం కిలో ఏట్లోనే ఉంది. మరి రాత్రికి పప్పులోకి అందులోంచి చిటికెడు తీసుకురాగలమా?

శక్తి విషయంలో జరిగేదీ ఇదే. ఖాళీ గదిలో ఫ్యాన్ తిరుగుతూ ఉంటే అది తీసుకున్న కరెంటులో కొంత మోటారులోనే వేడి అవుతుంది, మిగతాది గాలి కదలికగా మారి, ఆ కదలిక గోడలకూ గాలికీ రాసుకుని చివరికి అదీ వేడిగా గదంతా పరుచుకుంటుంది. ఒక్క జౌల్ కూడా తగ్గలేదు. కానీ ఆ పలచటి వేడిని పోగు చేసి మళ్లీ ఫ్యాన్ తిప్పలేం. మనం యూనిట్‌కు డబ్బు కడుతున్నది శక్తికి కాదు, ఒకచోట కూడి ఉండి పని చేయించుకోవడానికి వీలుగా ఉన్న శక్తికి. ‘అయిపోయింది’ అనే మాట బదులు ‘చెదిరిపోయింది’ అని రాస్తే నేను మార్కు ఇస్తాను.

అన్నట్టు, ఫ్యాన్ గదిని చల్లబరచదు. మన ఒంటి మీది చెమటను తొందరగా ఆరబెడుతుంది. అందుకే మనుషులు లేని గదిలో ఫ్యాన్ వేయడం అంటే గదిని కాస్త వేడి చేయడమే.

ఎండాకాలం మిద్దె రాత్రి రెండింటి దాకా ఎందుకు కాలుతూ ఉంటుంది? నీళ్లు చల్లితే లాభమా?

శ్లాబు ఒక పెద్ద ఉష్ణ నిల్వ. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, నాలుగంగుళాల మందం ఉన్న శ్లాబు దాదాపు నాలుగున్నర టన్నుల బరువు. అది ఉదయం కన్నా సాయంత్రానికి 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, కిలోకు డిగ్రీకి సుమారు 850 జౌల్‌ల చొప్పున, ఏడున్నర కోట్ల జౌల్‌ల పైమాటే. అంటే 21 యూనిట్ల వేడి నెత్తి మీద కూర్చుందన్నమాట. సూర్యుడు దిగిపోయినా అది కొంత ఆకాశం వైపు, కొంత మన గదిలోకి కక్కుతూనే ఉంటుంది.

నీళ్లు చల్లితే నిజంగానే లాభం. లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 22.6 లక్షల జౌల్‌లు పట్టుకుపోవాలి. పదిహేను లీటర్ల బక్కెట్టు పూర్తిగా ఆవిరైతే 3 కోట్ల 39 లక్షలు, తొమ్మిది యూనిట్ల పైచిలుకు. అందులో ఎక్కువ భాగం బండ నుంచే లాక్కుంటుంది. కాకపోతే మే నెలలో ఆ బక్కెట్టు నీళ్లు దొరకడమే మనకు కష్టం. నీళ్లు లేనివాళ్లు ఎండలు రాకముందే తెల్ల సున్నం కొట్టించుకోవాలి. సున్నం ఎండను లోపలికి రానివ్వకుండా వెనక్కి తిప్పి పంపుతుంది.

కుండలో నీళ్లు ఎండాకాలంలో చల్లగా ఉంటాయి, వానాకాలంలో ఎందుకు ఉండవు?

కుండ గోడ సన్నటి రంధ్రాల్లోంచి చెమర్చిన నీళ్లు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతాయి. వానాకాలంలో గాలిలో ముందే తేమ ఉంటుంది కాబట్టి ఆవిరి కావడం నెమ్మదిస్తుంది.

కట్టెల పొయ్యి మీద వండితే అంత కట్టె ఎందుకు పడుతుంది?

ఎండిన కట్టె కిలోకు 17,000 నుంచి 22,000 కిలోజౌల్‌లు, వంట గ్యాస్ కిలోకు 55,000 అని పుస్తకంలో ఉంటుంది. ఆ తేడా మూడింతలే. ఖర్చయ్యే తేడా అంతకన్నా ఎక్కువ. సంగటికి ఎసరు పెట్టే రోజు మా పెరట్లో మూడు రాళ్ల పొయ్యి దగ్గర తక్కెడ పెట్టి తూచాను. ఐదు లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి మరగాలంటే 5 × 4,200 × 70 = 14.7 లక్షల జౌల్‌లు చాలు. లెక్క ప్రకారం వంద గ్రాముల కట్టె కూడా అక్కర్లేదు. కాలింది దాదాపు కిలో. మిగతాదంతా ఎటు పోయింది? కొంత పొయ్యి పక్కన కూర్చున్న నా మోకాళ్లకు తగిలింది, కొంత రాళ్లకు, గిన్నె అంచుల పక్కనుంచి పైకి పోయినదే చాలా ఎక్కువ. పొయ్యికి చుట్టూ మట్టి కట్టి మంటను గిన్నె అడుగుకే మళ్లిస్తే కట్టె బాగా మిగులుతుంది.

## మన జిల్లాల్లో వనరులు

శ్రీశైలం కరెంటు నీళ్లదా, సూర్యుడిదా? 885 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు పడతాయా?

మూలం సూర్యుడే. సముద్రం నీళ్లను ఆవిరి చేసి పైకి లేపింది ఎండ. ఆ మబ్బు పడమటి కనుమల్లో కురిసి కృష్ణలోకి వచ్చింది. డ్యాం చేసే పని ఆ ఎత్తును పోగొట్టుకోకుండా పట్టి ఉంచడం. గేటు తెరిచాక గురుత్వ స్థితిశక్తి గతిశక్తి అవుతుంది, టర్బైన్ తిరుగుతుంది, జనరేటర్ నుంచి కరెంటు పోతుంది. కుడిగట్టు కేంద్రం 770 మెగావాట్లు, ఎడమగట్టుది 900.

885 అడుగులు అనేది సముద్ర మట్టం నుంచి కొలిచిన నీటిమట్టం. అది డ్యాం లోతూ కాదు, నీళ్లు పడే ఎత్తూ కాదు. టర్బైన్‌కు లెక్కలోకి వచ్చేది పై నీటిమట్టానికీ, టర్బైన్ దాటాక నదిలో కలిసే చోటి మట్టానికీ ఉన్న తేడా మాత్రమే. వానాకాలం టీవీలో ‘శ్రీశైలం 880 అడుగులకు చేరింది’ అని విని పిల్లలు ఆ అంకెనే ఎత్తుగా వేసేస్తారు.

మన ఎండకు సోలార్ ప్యానెల్ ఇంకా ఎక్కువ కరెంటు ఇవ్వాలి కదా?

ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. అంతకు మించి వేడెక్కే ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 60 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టే. ఎండ కాస్తూ చల్లగాలి తోలే రోజులే దానికి మంచివి. దుమ్ము మీ ఇంట్లో వాళ్లే తుడవాలి, దానికి ఫిజిక్స్ అక్కర్లేదు.

గని, శకునాల ఊళ్ల దగ్గరి సోలార్ పార్కు రాత్రిళ్లు ఏం చేస్తుంది?

ఏమీ చేయదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో 2017లో పూర్తయిన ఆ పార్కు వెయ్యి మెగావాట్లది, అయినా పొద్దు గూకితే సున్నా. మనకు దీపాలు, టీవీలు కావాల్సింది అప్పుడే. అందుకే నిల్వ కావాలి. పాణ్యం దగ్గర పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ అలాంటిదే. పైన ఒక జలాశయం, కింద ఒకటి. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి, అవసరమైనప్పుడు కిందికి. మిద్దె మీద ట్యాంకు నింపుకునే పద్ధతే, కొండంత సైజులో.

ఇంత పెద్దగా ఎందుకంటే గురుత్వ నిల్వ చాలా పలచన. వంద మీటర్ల ఎత్తులో ఉన్న వెయ్యి లీటర్ల నీళ్లలో 10 లక్షల జౌల్‌లే. ఒక్క యూనిట్ రావాలంటే 3,600 లీటర్లు వంద మీటర్లు దిగాలి. రానూ పోనూ ఐదో వంతుకు అటూ ఇటూ నష్టం కూడా ఉంటుంది. అయినా మిగులు కరెంటు వృథా పోవడం కన్నా ఇది నయం.

రామగిరి కొండల మీది గాలిమరలు చాలా రోజులు ఆగి ఉంటాయి. పాడయ్యాయా?

పాడైనవి ఉంటే ఉండొచ్చు, ఎక్కువసార్లు మాత్రం గాలి చాలక ఆగుతాయి. సెకనుకు సుమారు 3 మీటర్ల కన్నా తక్కువ గాలికి అవి కరెంటు ఇవ్వవు. గాలి వేగం రెట్టింపైతే దొరికే సామర్థ్యం ఎనిమిది రెట్లు. సెకనుకు మరలోంచి పోయే గాలి రెట్టింపు, ఆ గాలిలో ప్రతి కిలోకు గతిశక్తి నాలుగు రెట్లు. మన వైపు ఆషాఢ గాలి ఈడ్చి కొట్టే జూన్-సెప్టెంబరు నెలలే వాటికి పంటకాలం. సెకనుకు 25 మీటర్లు దాటిన పెనుగాలి వస్తే రెక్కలు విరగకుండా వాటంతట అవే ఆగుతాయి.

ముద్దనూరు థర్మల్‌లో బొగ్గు శక్తి మొత్తం కరెంటు అవుతుందా?

సుమారు మూడో వంతే. కడప జిల్లాలోని ఈ రాయలసీమ థర్మల్ కేంద్రం (ఆర్‌టీపీపీ) 1,650 మెగావాట్లది. బొగ్గులోని రసాయన శక్తి మంటగా మారి నీళ్లను ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. తిప్పాక ఆవిరిని మళ్లీ నీళ్లు చేయాలంటే దాని వేడిని బయటికి పారేయక తప్పదు. పోయేదాంట్లో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచేది పొగ కాదు, నీటి ఆవిరి చల్లబడి ఏర్పడిన తుంపర. పొగ వేరే గొట్టంలోంచి పోతుంది.

తుమ్మలపల్లె యురేనియం పొగ ఇవ్వదు కదా, తరిగిపోని వనరుల్లో రాయొచ్చా?

రాయకూడదు. తవ్వేకొద్దీ తరిగిపోతుంది, మళ్లీ పుట్టదు. పొగ వస్తుందా, తరిగిపోతుందా అనేవి రెండు వేరు వేరు ప్రశ్నలు. కట్టె పొగ పెడుతుంది, అయినా చెట్టు నాటితే మళ్లీ వస్తుంది. యురేనియం పొగ పెట్టదు, అయినా తరిగిపోతుంది. పొగ లేకపోయినా ఖనిజం శుద్ధి చేశాక మిగిలే వ్యర్థాన్ని జాగ్రత్తగా కాపాడాల్సిన బాధ్యత ఉంటుంది. ఇంకో సంగతి, తుమ్మలపల్లెలో ఉన్నది గని, శుద్ధి కర్మాగారం. కరెంటు తయారయ్యేది అక్కడ కాదు.

## పరీక్ష ముందు రోజు

జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే మార్కు పోతుందా?

పోతుంది. జౌల్ దగ్గర వాట్ రాసినా పోతుంది.

శక్తి మార్పిడి గొలుసు రాయమంటే ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలి?

ప్రశ్న ఎక్కడ మొదలైతే అక్కడ మొదలుపెట్టండి. ప్రతిదానికీ సూర్యుడి దాకా వెళ్లనక్కర్లేదు, అడిగితేనే వెళ్లండి. ఆపాల్సింది పరిసరాల వేడి దగ్గర. ప్రతి మెట్టులో నిల్వ పేరు, బదిలీ దారి రెండూ రాయండి. ‘సైకిల్ మీద వచ్చి బ్రేకు వేశాను’ అన్నదానికి ఒక పిల్ల ఇలా రాసింది: పొద్దున తిన్న ఉగ్గానిలో రసాయన శక్తి, కాళ్లు తొక్కడం వల్ల సైకిల్‌కు గతిశక్తి, బ్రేకు రాపిడి వల్ల రబ్బరుకూ రిమ్ముకూ వేడి, అక్కడి నుంచి గాలికి. పక్కన కుండలీకరణాల్లో ‘రిమ్ము ముట్టుకుని చూశాను, వెచ్చగా ఉంది’ అని కూడా రాసింది. ఐదుకు ఐదు వేశాను.